బ్యాంకు తలుపు మూసినచో రైతు సొమ్మేమగును?

మొన్న సింగరాయకొండ రైలుస్టేషను వీథిలో మన సంఘ సభ్యులొకరు మమ్ములను నిలిపి యొక ప్రశ్న వేసిరి. మిరపకాయ లమ్మగా వచ్చిన సొమ్ములో కొంత వారు గ్రామ సహకార పరపతి సంఘమున డిపాజిటు చేసిరి. తక్కినది బజారులోని వాణిజ్య బ్యాంకులో నున్నది. "ఏమండీ, బ్యాంకు మునిగినా అయిదు లక్షల దాకా బీమా ఉందంటున్నారు. మన సొసైటీలో వేసిన డబ్బుకీ అది వర్తిస్తుందా?" అనునది వారి ప్రశ్న. వర్తింపదని మేము చెప్పితిమి. వారి ముఖము చిన్నబోయినది. "అయితే రేపే తీసేస్తా"నని వారనుటయు, తొందరపడవలదని మేము వారించుటయు, రైలు వచ్చువరకు జరిగెను. ఆ నాలుగు నిమిషములలో మేము విప్పి చెప్పలేకపోయిన విషయమునే యిచట పాఠముగా వ్రాయుచున్నాము.

బ్యాంకనగా సొమ్ము దాచిన గది యని మనలో పెక్కుమంది తలంపు. వెనుక జొన్నలు పాతరలో పోసి మూసినట్లు మన నోట్లన్నియు ఇనుపపెట్టెలో భద్రముగా పడియున్నవని యనుకొందుము. అది నిజము కాదు. అట్లు పడియున్నచో మనకు వడ్డీ ఎచ్చటనుండి వచ్చును? లెక్క సులభముగా నుండుటకై యొక చిన్న సంఘమును ఊహింతము. అందు సభ్యుల వాటాధనము 10 రూపాయలు, డిపాజిట్లు 90 రూపాయలు, వెరసి 100. ఈ నూటిలో 70 రూపాయలు పైరుఋణములుగా పొలములలో నున్నవి. 25 రూపాయలు జిల్లా బ్యాంకులో గడువు డిపాజిటుగా నున్నవి. పెట్టెలో రొక్కముగా నున్నవి 5 రూపాయలు మాత్రమే. ఇది మోసము కాదు, అజాగ్రత్తయు కాదు. డిపాజిటుదారు లందరును ఒక్కదినమున రారను నమ్మకముమీద ప్రపంచములోని ప్రతి బ్యాంకును ఇట్లే నడచును. మన పెద్దలు అప్పు పుట్టుటకును, ఊరిలో మాట చెల్లుటకును "పరపతి" యను ఒక్క పదమునే వాడిరి. ఆ పద మెంత సరియైనదో ఈ లెక్క చూచిన తెలియగలదు.

ఇట్టి సంఘమునకు రెండు విధములైన కష్టములు రావచ్చును. ఈ రెంటికిని గల భేదమును రైతు సోదరులు చక్కగా మనస్సున నుంచుకొనవలయును.

మొదటిది చేతిలో రొక్కము చాలకపోవుట. ఒక శుక్రవారమున నలుగురు వచ్చి 8 రూపాయలు కావలయు ననిరి. పెట్టెలో 5 కలవు. ఆస్తి యంతయు నిక్షేపముగా నున్నది, కాని పంట యింకను కల్లమునకు రాలేదు. పై బ్యాంకువారు 3 రూపాయలు సర్దిరేని ఈ కష్టము సోమవారమునకు తీరును. రెండవది ఆస్తియే తరిగిపోవుట. ఇచ్చిన 70 రూపాయల ఋణములో 6 రూపాయలు వసూలు కానివని తేలినచో, ఆ నష్టమును వాటాధనము భరించును. డిపాజిటుదారునకు ఒక్క పైసయు పోదు. ఎందుకనగా వాటాదారుడు యజమాని, డిపాజిటుదారుడు అప్పిచ్చినవాడు. ఇంటియజమాని నష్టపడిన పిమ్మటగాని అప్పులవానికి నష్టము రాదు. కాని 14 రూపాయలు మునిగినచో, వాటాధనము 10యు పోయి, మిగిలిన 4 డిపాజిటుదారుల మీద పడును. ఈ రోగమునకు సర్దుబాటు మందు పనిచేయదు.

కష్టమంతయు ఎచట నున్నదనగా, తలుపు బయట వరుసలో నిలిచినవానికి ఇది మొదటి రోగమో రెండవ రోగమో తెలియదు. తెలిసికొనువరకు నిలువజాలడు. ముందు పోయినవానికి పూర్తి సొమ్ము దొరకును, వెనుక పోయినవానికి ఖాళీపెట్టె దొరకును. కావున ప్రక్కవాడు పరుగెత్తిన తానును పరుగెత్తుట వానికి తెలివియే గాని తెలివిమాలినతనము కాదు. ఆ పరుగును తట్టుకొనుటకై బ్యాంకువారు తమ ఆస్తులను అయినకాడికి అమ్ముదురు. కౌలు బాకీకో కూలి బాకీకో తాళలేక కల్లములోనే పత్తి తెగనమ్ముకొన్న రైతు ఎట్లు నష్టపడునో వారును అట్లే నష్టపడుదురు. ఈ విధముగా మొదటి రోగము రెండవ రోగముగా మారుట కలదు. భయము నిజమై కూర్చుండును.

ఇక చరిత్రలోనికి పోదము. 1906వ సంవత్సరమున చెన్నపట్నమున మూడు పెద్ద ఆంగ్ల వర్తక సంస్థల పేర్లు ప్రసిద్ధములు: పారీ, బిన్నీ, ఆర్బత్నాట్. నాడు మన సింగరాయకొండ నెల్లూరు జిల్లాలోనిది, మదరాసు రాజధానిలోనిది. బెజవాడనుండి చెన్నపట్నమునకు 1899లోనే రైలు పడినది గనుక మన ప్రాంతపు సరకును, సొమ్మును, వార్తయు ఆ పట్టణముతోనే ముడిపడియుండెను. ఆర్బత్నాట్ సంస్థ వర్తకముతోపాటు జనులనుండి డిపాజిట్లను స్వీకరించుచుండెను. పింఛనుదారులు, ఉద్యోగులు, వితంతువులు, వకీళ్లు, జమీందారులు వారిచెంత సొమ్ముంచిరి. ఎందుకుంచిరి? లెక్కలు చూచి కాదు. అది భాగస్వాముల సొంత సంస్థ యగుటచే లెక్కలు లోకమునకు చూపవలసిన నిర్బంధమే లేదు. పేరు చూచి యుంచిరి. దొరగారి కచేరీ మేడను చూచి యుంచిరి.

1906 అక్టోబరు 22వ తేదీ, సోమవారమునాడు ఆ సంస్థ చెల్లింపులు నిలిపివేసెను. లండనులో వారి వ్యవహారములు చూచుచున్న భాగస్వామి మాక్ఫాడియన్ సాహస వ్యాపారములలో సొమ్ము పోగొట్టి, అంతకు రెండుమూడు దినముల ముందే రైలు క్రిందపడి ప్రాణము తీసికొనెను. సర్ జార్జి ఆర్బత్నాట్ మీద విచారణ జరిగి, 1907లో ఆయనకు 18 మాసముల కఠినశిక్ష పడెను. బిరుదుగల దొరకు జైలు పడుట ఆ దినములలో సామాన్యమైన సంగతి కాదు. కాని దొర జైలుకు పోయినంత మాత్రమున వితంతువు సొమ్ము తిరిగి రాలేదు. డిపాజిటుదారులు దివాలా కచేరీ చుట్టు తిరిగిరి. పూర్తి సొమ్ము వారికి దక్కలేదు. బిన్నీ సంస్థయు అప్పుడే కష్టదశలోబడి యితరుల చేతికి పోయినది. ఒక పెద్ద యిల్లు కూలినపుడు ప్రక్కగోడలు బీటలు వారుట యిట్లుండును.

అయినను ఆ ఉపద్రవమునుండి యొక మేలు పుట్టినది. డిపాజిటుదారుల పక్షమున పోరాడిన వకీలు వి. కృష్ణస్వామి అయ్యరుగారును, వారి మిత్రులును పూనుకొని, మనవారి సొమ్ము మనవారి యాజమాన్యమున నుండవలెనని 1907లో ఇండియన్ బ్యాంకును స్థాపించిరి. ఆ సంవత్సరము ఆగస్టు 15న అది వ్యాపార మారంభించెను. మన ఆంధ్రమున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923 నవంబరులో బందరున ఆంధ్రా బ్యాంకును నెలకొల్పుటకును ఇట్టి తలంపే మూలము. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది. పేరు మాసినను మన పెద్దలు దాని పాసుపుస్తకమును భద్రముగా దాచుకొన్న యిండ్లను మే మెరుగుదుము.

స్వదేశీ బ్యాంకు లైనంతమాత్రమున పడిపోకుండునా? పడిపోయినవి. 1913-14లో ఉత్తరదేశమున పెక్కు పడినవి. 1938 జూనులో ట్రావెంకూరు నేషనల్ అండ్ క్విలన్ బ్యాంకు చెల్లింపులు నిలిపివేయగా దక్షిణదేశ మంతయు కలతపడెను. రిజర్వు బ్యాంకు అప్పటికి పుట్టి మూడేండ్లే. దాని చేతిలో తగిన చట్టము లేదు. ఆ లోపము 1949 నాటి బ్యాంకుల చట్టముతో తీరెను. 1960లో పాలాయి సెంట్రల్ బ్యాంకు మూతపడినది. దాని పిమ్మటనే డిపాజిట్ల బీమా చట్టము వచ్చి, 1962 జనవరి 1నుండి అమలయ్యెను. అనగా మన సొమ్మునకు నేడున్న ప్రతి కంచెయు, ఏదో యొక యేట ఎవరి చేనో పశువులు మేసిపోయిన పిమ్మట వేసినదే.

ఈ కంచెలు పనిచేసినవా లేదా యని చూచుటకు మన తెలుగుదేశముననే జరిగిన యొక ఉదంతము కలదు. గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు 1994లో హైదరాబాదు కేంద్రముగా వెలసెను. చూచుచుండగనే వందకు పైగా శాఖలతో పెరిగినది. కొత్త యంత్రములు, చల్లని గదులు, పెద్ద వడ్డీలు, జనులు మెచ్చిరి. అయితే షేర్ల బజారులో వ్యాపారము చేయువారికి అది పెద్ద మొత్తములు అప్పిచ్చినది. 2001లో షేర్ల ధరలు కూలెను. మరియొక బ్యాంకుతో కలియుటకు జరిగిన ఏర్పాటు అనుమానముల నడుమ ఆ యేటనే చెడిపోయెను. అటుపిమ్మటి సంగతి మనకు ముఖ్యము. బ్యాంకువారు ప్రకటించిన లెక్కలలో మూలధనము నిండుగా కనబడుచుండగా, 2002 మార్చి 31 నాటి స్థితిని రిజర్వు బ్యాంకు తనిఖీదారులు పరీక్షింపగా, ఆస్తులకంటె అప్పులే మించియున్నట్లు తేలినది. లెక్కల పరీక్షకులు సంతకము పెట్టిన కాగితమును, తనిఖీదారులు చూచిన నిజమును అంత దూరముగా నుండెను.

2004 జూలై 24, శనివారమున రిజర్వు బ్యాంకు కోరికపై కేంద్రప్రభుత్వము మూడు నెలల నిలుపుదల యుత్తరువు వేసెను. ఎంత సొమ్మున్నవాడైనను 10,000 రూపాయలకు మించి తీసికొనరాదు. ఆ శని ఆది వారములు ఆ ఖాతాదారుల యిండ్లలో ఎట్లు గడచెనో ఊహింపుడు. పెండ్లి నిశ్చయమైనవారు, వైద్యశాలలో మనిషి నుంచినవారు, పనివారికి జీతములీయవలసిన చిన్న వర్తకులు, అందరి సొమ్మును తాళములోపల నున్నది. కాని సోమవారము, 26వ తేదీకే మార్గము తెలిసినది: ప్రభుత్వరంగములోని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్ దీనిని తనలో కలుపుకొనునని ప్రకటించిరి. ఆగస్టు 14 నాటికి విలీనము పూర్తియై, డిపాజిటుదారుల సొమ్ము పూర్తిగా నిలిచెను. కష్టము ఇరువదియొక్క దినములలో ముగిసినది.

వాటాదారుల గతి వేరు. ఆ బ్యాంకు షేర్లు కొన్నవారికి మారుగా కొత్త బ్యాంకు షేర్లు ఈయలేదు. బాకీలు వసూలై, అందరికి చెల్లించిన పిమ్మట ఏమైన మిగిలిన చూడవచ్చు ననిరి. ఇది క్రూరమని కొందరు వాదించిరి. మాకట్లు తోచలేదు. లాభము వచ్చిన యేండ్లలో లాభాంశము తినువాడు వాటాదారుడే గదా. అయితే వారిలో షేరునకును డిపాజిటునకును భేదమెరుగక, "బ్యాంకులో వేసినాము" అని మాత్రమే తెలిసినవారు కలరు; వారియెడ మాకు జాలి కలదు.

ఆర్బత్నాట్ సొమ్ము పోయి, గ్లోబల్ ట్రస్ట్ సొమ్ము నిలుచుటకు కారణము మనుష్యులు మారుట కాదు. ఆశయు, ఆడంబరమును, లెక్కలు దాచుటయు 1906లో నెట్లో 2004లోను అట్లే. మారినది ఏర్పాటు. మొదటిదానికి తనిఖీదారుడు లేడు. రెండవదానికి కలడు, ఆలస్యముగానైనను. మొదటిదానిని ఎత్తి నిలుపువాడు లేడు, రెండవదానికి కలడు.

అట్లని ఏర్పాటు అందరికిని ఒక్కటే యనుకొనరాదు. 2001 మొదలు కొన్ని యేండ్లలో హైదరాబాదు, సికింద్రాబాదులలో కృషి, ప్రుడెన్షియల్, చార్మినార్ మొదలగు పట్టణ సహకార బ్యాంకులు పడిపోయినవి. వీనిని ఎత్తుకొనుటకు పెద్ద బ్యాంకులు రాలేదు. ఆ కాలమున పట్టణ సహకార బ్యాంకులకు ఇద్దరు కాపరులు: పాలనకు సహకార శాఖ, బ్యాంకు వ్యవహారమునకు రిజర్వు బ్యాంకు. ఇద్దరు కాపరులున్న మందలో నే గొఱ్ఱె తప్పిపోయినను "వాడు చూచునని నేననుకొంటి" నను సమాధానమే దొరకును. 2020లో చట్టమును సవరించి రిజర్వు బ్యాంకు అధికారమును పెంచిరి. కాని 2001లో సొమ్ము చిక్కినవారికి దిక్కు డిపాజిట్ల బీమా యొక్కటే. అప్పటికి దాని పరిమితి 1 లక్ష రూపాయలు. లోపున్నవారు గట్టెక్కిరి. ఉద్యోగ విరమణ సొమ్మంతయు ఒక్కచోట వేసినవారు లక్ష పుచ్చుకొని, తక్కినదానికై లిక్విడేటరు కచేరీ మెట్లు ఎక్కుచు దిగుచు నుండిరి. ఇంతకంటె విచారకరమైనది మరొకటి: చక్కగా నడచుచున్న ఇతర సహకార బ్యాంకుల ముందును ఖాతాదారులు చేరిరి. "సహకార" మను మాటయే అనుమానాస్పదమయ్యెను. పాపమొకరిది, ఫలమందరిది.

ఈ బీమా సంగతి విపులముగా తెలిసికొనుట యవసరము. 1962లో 1,500 రూపాయలతో మొదలైన పరిమితి క్రమముగా పెరిగి, 1993లో 1 లక్షయై, 2020 ఫిబ్రవరి 4నుండి 5 లక్షలైనది. ఇది అసలు, వడ్డీ కలిపిన మొత్తమునకు. ఒకే బ్యాంకులో సింగరాయకొండ శాఖయందు 3 లక్షలు, ఒంగోలు శాఖయందు 4 లక్షలు ఒక్కరి పేరనే యున్నచో రెండును కలిపి 7 లక్షలుగా లెక్కింతురు; పూచీ 5కే. వేర్వేరు బ్యాంకులలో నున్న దేనికది వేరు. బీమా రుసుమును బ్యాంకే చెల్లించును, ఖాతాదారు చెల్లింపనక్కరలేదు. వెనుక ఈ సొమ్ము చేతికి వచ్చుటకు బ్యాంకు లైసెన్సు రద్దయి, లిక్విడేషను మొదలు కావలసియుండెను, యేండ్లు పట్టెడిది. 2021 సవరణతో, రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించిన 90 దినములలోపల చెల్లించు పద్ధతి వచ్చినది. వాణిజ్య బ్యాంకులు, పట్టణ సహకార బ్యాంకులు, రాష్ట్ర, జిల్లా సహకార బ్యాంకులు ఈ బీమాలో చేరును. షేర్లకు ఈ బీమా లేదు. మ్యూచువల్ ఫండులకు లేదు. చిట్టీలకు లేదు.

బీమాయే కాదు, బ్యాంకు లైసెన్సే లేని సంస్థల విషయము మరింత ఘోరము. విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు పేరు వినని గ్రామము మన జిల్లాలలో లేదు. పలు రాష్ట్రములలో సుమారు 32 లక్షల మందినుండి 6,000 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసిన ఆ సంస్థ 2014-15 నాటికి చెల్లింపులు చేయలేక కూలినది, కేసులు కోర్టులకెక్కినవి. 2019లో 10,000 రూపాయలలోపు, 2021లో 20,000 రూపాయలలోపు కట్టిన చిన్నవారికి రాష్ట్రప్రభుత్వము తన ఖజానానుండి చెల్లించినది. ఇచట గమనింపవలసినది ఏజెంట్ల గతి. వారు పరాయివారు కారు. మన పిన్నిగారి అల్లుడో, ప్రక్కవీథి మాస్టరుగారో. వారిని నమ్మి ఊరు కట్టినది, సంస్థను చూచి కాదు. సంస్థ కూలినపుడు ఊరు నిలదీసినదియు వారినే. చుట్టరికమును పూచీగా పెట్టి తెచ్చిన సొమ్ము పోయినపుడు సొమ్ముతోపాటు చుట్టరికమును పోయినది. దానిని తిరిగి చెల్లింప నే ఖజానాకును వశము కాదు.

వదంతి సంగతి కొంచెము చెప్పి ముందుకు పోదము. 2003 ఏప్రిలులో గుజరాతులో ఐ.సి.ఐ.సి.ఐ. బ్యాంకు మీద పుకారు పుట్టి, జనులు నగదు యంత్రముల ముందు గుంపులు కూడిరి. బ్యాంకు గట్టిగానే యుండెను, రొక్కము బండ్లతో తరలించి అడిగినవారి కెల్ల ఇచ్చిరి, రిజర్వు బ్యాంకు భరోసా ప్రకటించినది, గుంపు చెదరెను. నాడు వరుసలో నిలుచుటకైన సమయము పట్టెడిది. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకునుండి ఒక్క దినమున 4,200 కోట్ల డాలర్లు తీసివేయుటకు ఖాతాదారులు ఉత్తరువులిచ్చిరి. మరునాటికి బ్యాంకు లేదు. వరుస లేదు, తోపులాట లేదు, ఎవరి చేతిలోని ఫోను వారిది.

ఇంతవరకు డిపాజిటుదారుని వైపునుండి చూచితిమి. నమ్మకము అప్పు తీసికొన్నవాని వైపునుండియు తెగును. 2010లో మన రాష్ట్రమున సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల దౌర్జన్యమును, ఆత్మహత్యలను గూర్చి గొప్ప ఆందోళన పుట్టి, అక్టోబరు 15న ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. వెనువెంటనే వాయిదాలు కట్టుట నిలిచిపోయినది. ఆ సంస్థలకు అప్పిచ్చిన బ్యాంకులు ఉలికిపడి, దేశమంతటను ఆ మార్గమున సొమ్మిచ్చుట బిగించిరి. దౌర్జన్యము నిలుచుట మంచిదే. కాని మరుసటి కారునకు పెట్టుబడి కావలసిన స్త్రీలలో ననేకులు మరల వడ్డీవ్యాపారి గుమ్మమునకే పోవలసివచ్చిన మాటయు నిజము. ఋణమాఫీల విషయమునను మేమొక మాట దాచక చెప్పుదుము. 1990లో 10,000 రూపాయల వరకును, మరల 2008లోను, మన రాష్ట్రమున 2014లోను మాఫీలు వచ్చినవి. కరవు తాకిన రైతునకు అవి ఊపిరి పోసినవి, కాదనము. కాని వాయిదా తప్పక కట్టినవానిని ఊరు వెఱ్ఱివానిగా చూచిన దినములను అవియే తెచ్చినవి. మాఫీ వచ్చునను మాట పుట్టిన నాటినుండి వచ్చువరకు సంఘములలో వసూళ్లు ఎట్లుండునో కార్యదర్శుల నడుగుడు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన అపాయమొకటి కలదు. అది ధర. శీతల గిడ్డంగిలోని మిరప టిక్కీల రసీదు మీద అప్పిచ్చుట మంచి పద్ధతియే. సరకు కన్నుల యెదుట నుండును. కాని 2017లో గుంటూరు యార్డునందు మిరప ధర కుప్పకూలినట్లు కూలినపుడు, సరకు అంతయు నున్నను దాని విలువ ఉండదు. నూరు రూపాయల సరకుమీద అరువది యిచ్చిన సంఘము నిలుచును. తొంబది యిచ్చినది మునుగును. ఒకే పైరు, ఒకే మార్కెట్టు, ఒకే వాన మీద ఆధారపడిన సభ్యులందరును ఒకే యేట బాకీ పడుదురు. పట్టణపు బ్యాంకునకు బట్టలకొట్టు పోయిన మందులకొట్టు నిలుచును, మనకట్లు కాదు. 1929 పిమ్మట వచ్చిన ధరల మాంద్యమున మదరాసు రాజధానిలోని గ్రామ సంఘములనేకము బాకీలలో మునిగి రద్దయినది యీ కారణముననే. అందులో దొంగతనము స్వల్పము, ధర పతనము అధికము.

ఇప్పుడు స్టేషను వీథిలోని ప్రశ్నకు వత్తము. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘము చట్టము దృష్టిలో బ్యాంకు కాదు. "బ్యాంకు" అను పేరు పెట్టుకొనుటకే దానికి వీలు లేదు. కావున దానిలోని డిపాజిటునకు ఆ 5 లక్షల బీమా లేదు. మన సంఘము తన మిగులు సొమ్మును ఒంగోలులోని జిల్లా సహకార కేంద్ర బ్యాంకులో వేసినచో, ఆ బ్యాంకునకు బీమా కలదు గాని, అది సంఘము పేర నొక్క ఖాతాకు లెక్క. మన యొక్కొక్కరి పేర కాదు. జిల్లా బ్యాంకును నాబార్డువారు తనిఖీ చేయుదురు. గ్రామ సంఘమును రిజర్వు బ్యాంకు తనిఖీదారుడు వచ్చి చూడడు. సహకార శాఖ ఆడిటరు చూచును, అంతకుమించి సభ్యుడే చూడవలయును. సభ్యుడు రెండు వేషములలో నున్నాడు. ఋణములో పట్టుకొన్న వాటాధనమువలన యజమాని, డిపాజిటువలన అప్పిచ్చినవాడు. నష్టము వచ్చిన మొదట యజమానిగా, పిదప అప్పిచ్చినవానిగా రెండుమారులు తగులును.

అట్లయిన సొమ్ము రేపే తీసివేయవలెనా? అందరును రేపే తీసినచో నేమగునో పై లెక్కలో చూచితిమి. మా సలహా వేరు. ఏటేట సర్వసభ్య సమావేశమున ఆడిటు నివేదిక చదువుదురు. చదువునపుడు మనలో సగము మంది భోజనాల పందిరివైపు చూచుచుందుము. ఆ నివేదికలో నాలుగు అంకెలు అడుగవలయును. ఇచ్చిన ఋణములో గడువు మీరిన బాకీ నూటికెంత? అందులో మూడేండ్లు దాటినదెంత? పాలకవర్గ సభ్యుల పేరను, వారి యింటివారి పేరను ఉన్న బాకీ యెంత? డిపాజిటులో తక్షణము తీసి యీయదగిన రొక్కమును, జిల్లా బ్యాంకు నిలువయు కలిపి యెంత? మూడవ ప్రశ్న యడిగినపుడు సభలో నిశ్శబ్దము కలిగినచో, ఆ నిశ్శబ్దమును గూడ ఒక అంకెగానే వ్రాసికొనవలయును. గత యేడు 'బి' తరగతి నిచ్చిన ఆడిటరు ఈ యేడు 'సి' యని వ్రాసియుండిన, ఎందుకని నిలిచి యడుగుటకు చదువు అక్కరలేదు. గడువు మీరిన బాకీని కొత్త ఋణము వ్రాసి పాత ఋణము తీరినట్లు చూపు కాగితపు సర్దుబాటును పుస్తకములో పట్టుట కష్టము. ఊరిలో పట్టుట సులభము. ఎవరు నిజముగా కట్టినారో, ఎవరు సంతకము మాత్రమే పెట్టినారో రచ్చబండకు తెలియును.

ఆ సభ్యునకు మేము మరుసటి వారము ఈ మాటలే చెప్పితిమి. కూతురి పెండ్లికై యుంచిన సొమ్మును బీమా గల బ్యాంకునకు మార్చి, పైరు పెట్టుబడికై యుంచినదానిని సంఘముననే యుంచుటకు వారు నిశ్చయించుకొనిరి. వచ్చు సర్వసభ్య సమావేశమున మూడవ ప్రశ్న తామే అడుగుదుమనియు, మేము ప్రక్కన కూర్చుండవలె ననియు కోరిరి. కూర్చుందుమని మాట యిచ్చితిమి.